కోలాటం బృందం మైకు సెట్టు కొన్నది

ఒక ఊళ్ళో ఆడవాళ్ళ కోలాటం బృందం ఉంది. బృందంలో 14 మంది. 12 మంది కర్రలు పట్టి ఆడతారు. ఒకామె పాట పాడుతుంది. ఒకామె డోలక్ వాయిస్తుంది. ఆడేవాళ్ళు ఆడుతూనే పల్లవి అందుకుంటారు. పగలు నాట్లు, కలుపు, మిరపకోతలు. రాత్రి అన్నాలు తిన్నాక రామాలయం ముందు గంటసేపు సాధన.

శ్రీరామనవమికి, దసరాకు, పక్క ఊళ్ళ తిరునాళ్ళకు వాళ్ళను పిలుస్తారు. ఒక్కో ఆటకు 5,000 రూపాయలు ఇస్తారు. అందులో 2,500 మైకు సెట్టు అద్దెకే పోతుంది. ఆటోలకు 1,200. ఇక మిగిలేది 1,300. 14 మందికి పంచితే మనిషికి నూరు రూపాయలు కూడా రావు.

అద్దె ఒక్కటే బాధ కాదు. మైకు సెట్టు తెచ్చే కుర్రాడు ఎకో బాగా పెంచేవాడు. "ఎకో లేకపోతే పాటకు అందం రాదు పిన్నీ" అనేవాడు. ఒక తిరునాళ్ళలో ఆ ఎకో దెబ్బకు ఆట చెడింది. డోలక్ మీద ఒక దెబ్బ కొడితే స్పీకర్లో మూడు దెబ్బలు వినిపించాయి. ఏ దెబ్బకు కర్ర కలపాలో ఆడేవాళ్ళకు తెలియలేదు. వరస తప్పింది. ఇద్దరికి వేళ్ళ మీద కర్ర తగిలింది. ముందు వరుసలో కూచున్న ముసలమ్మ ఒకామె, "గొంతు బాగుందే అమ్మాయ్, ఒక్క మాటా తెలియలేదు" అన్నది.

సొంత సెట్టు కొనాలని అప్పుడే అనుకున్నారు. నెలకు మనిషికి 200 చొప్పున 10 నెలలు దాచారు. 28,000 అయింది. ఆటల మీద మిగిలిన 6,000 కలిపారు. మొత్తం 34,000. ఇది ఎండలో వంగి చేసిన కూలి డబ్బు. పనికిరాని సామాను కొంటే మళ్ళీ పది నెలలు దాచాలి. అందుకని ముందు తెలుసుకుందాం, తరువాత కొందాం అనుకున్నారు.

ఎకో అంటే ఏమిటి?

లోతు బావిలోకి తొంగి చూసి "ఓ" అని కేక వేస్తే బావి కూడా "ఓ" అంటుంది. గుట్ట ఎదురుగా నిలబడి పిలిచినా అంతే. మన గొంతు వెళ్ళి గోడకో గుట్టకో తగిలి వెనక్కి వస్తుంది. దీన్నే ప్రతిధ్వని అంటారు. మైకు వాళ్ళు ఎకో అంటారు.

శబ్దం గాలిలో ఒక సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వెలుతురు ఇంకా ఎంతో వేగంగా వస్తుంది. అందుకే మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తరువాత వినిపిస్తుంది. గోడ 17 మీటర్ల దూరంలో ఉందనుకోండి. గొంతు వెళ్ళడానికి 17, రావడానికి 17, మొత్తం 34 మీటర్లు. అంటే సెకనులో పదో వంతు. అంత ఆలస్యం ఉంటేనే చెవి దాన్ని వేరే శబ్దంగా పట్టుకుంటుంది. గోడ అంతకంటే దగ్గరుంటే రెండూ కలిసిపోతాయి. గుడి మండపంలో పాడితే గొంతు నిండుగా, కాస్త సాగినట్లు ఉంటుంది. పొలంలో పాడితే వట్టిగా ఉంటుంది. మండపంలో నాలుగు గోడల నుంచీ, పైకప్పు నుంచీ గొంతు తిరిగి వచ్చి కలుస్తుంది. పొలంలో తిరిగి పంపేవాళ్ళు ఎవరూ లేరు.

కట్టడాలు కట్టేవాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. హైదరాబాదులో గోల్కొండ కోట చూసినవాళ్ళు కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టే ఉంటారు. ఆ చప్పుడు పైన బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది.

ఆరుబయట ఆడే బృందానికి మండపం ఉండదు. ఆ మండపాన్ని ఒక పెట్టెలో తెచ్చి పెట్టేదే ఎకో యంత్రం. వెనకటి రోజుల్లో దానికి టేపు వాడేవారు. పాటను టేపు మీద ఎక్కించి, క్షణం ఆగి మళ్ళీ వినిపించేవారు. అది బరువు, ఖరీదు, టేపు అరిగిపోయేది. ఇప్పుడు ఆ పని వేలిగోరంత చిప్పు చేస్తోంది. అందుకే చవక సెట్లలో కూడా ఎకో ఉంటోంది.

ఎకోకు మూడు సంగతులు ఉంటాయి. ఎంత గట్టిగా తిరిగి రావాలి? ఎంతసేపటికి రావాలి? ఎన్నిసార్లు రావాలి? కొన్ని యంత్రాల మీద మూడింటికీ మూడు నాబులు ఉంటాయి. వాటి పక్కన ఎకో, డిలే, రిపీట్ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. చవక యంత్రాల్లో ఒకటే నాబు ఉంటుంది. మిగతా రెండూ కంపెనీ వాళ్ళు ముందే పెట్టేస్తారు.

సెట్టులో ఏమేమి ఉంటాయి?

మైకు గొంతును పట్టుకుంటుంది. మిక్సర్ రెండు మూడు మైకుల శబ్దాన్ని కలుపుతుంది. (ఇది వంటింటి మిక్సీ కాదు. కానీ పని అదే, కలపడం.) యాంప్లిఫయర్ శబ్దాన్ని పెంచుతుంది. స్పీకర్ బయటికి వినిపిస్తుంది. మిక్సర్, యాంప్లిఫయర్, ఎకో మూడూ ఒకే పెట్టెలో ఉన్నవి కూడా దొరుకుతాయి. చిన్న బృందానికి అదే నయం. వైర్లు తక్కువ, మోత తక్కువ, ఊడిపోయే చోట్లు తక్కువ.

స్పీకర్లలో గొట్టం స్పీకర్ ఉంది, బాక్సు ఉంది. గొట్టం చాలా దూరం వినిపిస్తుంది. తక్కువ వాట్లతోనే ఊరంతా వింటుంది. ప్రకటనలకు అది మంచిది. కానీ డోలక్ ఎడమ వైపు వచ్చే "దుమ్" అనే బరువైన శబ్దం గొట్టంలో రాదు. రేకు డబ్బా కొట్టినట్లు ఉంటుంది. పాటకూ డోలక్‌కూ బాక్సే కావాలి.

కొట్లో మొదటి రోజు

బృందంలో ముగ్గురు పట్నం వెళ్ళారు. పాడే ఆమె, డోలక్ వాయించే ఆమె, లెక్కలు రాసే ఆమె. మిగతావాళ్ళ బస్సు ఖర్చు ఎందుకని ముగ్గురే వెళ్ళారు. లెక్కలు రాసే ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. ఆమె చేతిలో నోటు పుస్తకం ఉంది.

కొట్టాయన ముందు ఒక ట్రాలీ స్పీకర్ చూపించాడు. నిలువెత్తు పెట్టె. కింద చక్రాలు. ముందు ఎర్ర, నీలి దీపాలు తిరుగుతున్నాయి. లోపలే బ్యాటరీ. వైరు లేని మైకులు రెండు. ఫోన్లో పాట కూడా పెట్టుకోవచ్చు. "18,000 అమ్మా. 8,000 వాట్లు. ఇంత చవకలో ఇంకెక్కడా రాదు" అన్నాడు.

ఎనిమిది వేల వాట్లు! పెట్టె ముందు వైపు పెద్ద అంకెలతో రాసి ఉంది. లెక్కలు రాసే ఆమె ఇంటి ఇస్త్రీ పెట్టె మీద 1,000 వాట్లు అని ఉంటుంది. ఆమెకు అది గుర్తు వచ్చింది.

"అన్నా, ఇస్త్రీ పెట్టె వేస్తేనే మా ఇంట్లో బల్బు తగ్గుతుంది. ఇది ఎనిమిది ఇస్త్రీ పెట్టెలంత కరెంటు లాగుతుందా?"

కొట్టాయన నవ్వాడు. జవాబు చెప్పలేదు. ఆమె పెట్టెను వెనక్కి తిప్పింది. అక్కడ చిన్న రేకు ఉంది. దాని మీద చిన్న అంకెలు. గోడ ప్లగ్గు నుంచి ఇది తీసుకునే కరెంటు 90 వాట్లు అని ఉంది. 90 వాట్లు తీసుకునేది ఆటంతా 8,000 వాట్లు ఎలా ఇస్తుంది? శేరు పాలు పోసి మణుగు పెరుగు అడిగినట్లుంది.

ఇక్కడ రెండు మాటలు తెలుసుకోవాలి. పి.ఎం.పి.ఓ. అని ఒకటి ఉంది. కన్ను మూసి తెరిచేలోపు ఒక్క క్షణం ఎంత ఎగరగలదో చెప్పే అంకె అది. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు. ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకుంటారు. ఆర్.ఎం.ఎస్. అని ఇంకొకటి ఉంది. ఆగకుండా ఎంత ఇవ్వగలదో చెప్పే అంకె అది. పరుగు పందెంలో ఒక్క గెంతు వేయడం వేరు, సాయంత్రం దాకా నడవడం వేరు. సెట్టు కొనేవాళ్ళు ఆర్.ఎం.ఎస్. అంకె అడగాలి. ఆ ట్రాలీ పెట్టె వెనకాల ఆర్.ఎం.ఎస్. 60 వాట్లు అని ఉంది.

ఇంకో సంగతి. వాట్లు రెండింతలు అయితే శబ్దం రెండింతలు కాదు. 50 వాట్లకూ 100 వాట్లకూ చెవికి తెలిసే తేడా కొంచెమే. రెండింతలు గట్టిగా వినిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అందుకని వాట్ల కోసం డబ్బు గుమ్మరించడం దండగ. మంచి స్పీకర్, సరైన చోట పెట్టడం, ఈ రెండే ఎక్కువ పని చేస్తాయి.

ట్రాలీ పెట్టె చెడ్డదని కాదు. పది మంది కూచునే భజనకు అది చాలు. వెంట తీసుకుపోవడం తేలిక. కానీ దాని మీద ఎకో నాబు ఒకటే ఉంది. దాన్ని తిప్పితే రెండు మైకులకూ ఒకేసారి ఎకో వస్తుంది. డోలక్ వాయించే ఆమె ఇది గమనించింది.

"వదినా, మనకు వచ్చిన తంటానే ఇది. నీ గొంతుకు ఎకో పెడితే నా డోలక్‌కూ వస్తుంది. మళ్ళీ మూడు దెబ్బలే."

అసలు చూడాల్సింది ఇదే. మిగతావన్నీ దీని తరువాత. ప్రతి మైకుకూ వేరే ఎకో నాబు ఉండాలి. అప్పుడు పాట మైకుకు కొంచెం ఎకో పెట్టుకోవచ్చు. డోలక్ మైకుకు పూర్తిగా తగ్గించవచ్చు. తాళం, డోలక్, కర్రల చప్పుడు, ఇవి వట్టిగా, తేటగా వినపడాలి. ఆడే కాళ్ళకు ఆ దెబ్బే దారి. గొంతుకు కాస్త గుడి మండపం ఉన్నా ఫరవాలేదు, డోలక్‌కు వద్దు.

వంద రకాల ఎఫెక్టులు

కొట్టాయన ఇంకో పెట్టె తీశాడు. చిన్నది, అరచేయి వెడల్పు. "ఇది విడిగా ఎఫెక్టుల యంత్రం. వంద రకాలు ఉన్నాయి. 6,500" అన్నాడు. మీట నొక్కి చూపించాడు. ఒకసారి పెద్ద హాల్లో పాడినట్లు వచ్చింది. ఒకసారి బావిలో పాడినట్లు వచ్చింది. ఒకసారి ఒక గొంతు నాలుగు గొంతుల్లాగా వచ్చింది. ఇంకోసారి రాక్షసుడు మాట్లాడినట్లు వచ్చింది. ముగ్గురూ పకపకా నవ్వారు.

పాడే ఆమె అడిగింది: "బాబూ, ఆ వందలో మేము వాడేవి ఎన్ని?"

నిజమే. కోలాటం పాటకు కావాల్సింది ఒకటి, మహా అయితే రెండు. హాలు ఎఫెక్టు ఒకటి, చిన్న ఎకో ఒకటి. మిగతా తొంభై ఎనిమిదికి డబ్బు ఎందుకు? నాటకాలు వేసేవాళ్ళకు, పెద్ద ఆర్కెస్ట్రాలకు ఆ పెట్టె పనికి వస్తుంది. బృందం దాన్ని వద్దన్నది. 6,500 మిగిలింది.

ఆ రోజు వాళ్ళు ఏమీ కొనలేదు. ధరలు రాసుకుని వచ్చారు. కొట్టాయనకు కొంచెం కోపం వచ్చినట్లుంది. రానీ.

రెండో రోజు: చెవులతో పరీక్ష

రెండోసారి డోలక్ వెంట తీసుకుపోయారు. ఇంకో కొట్టుకు వెళ్ళారు. కొట్లో పెట్టే సినిమా పాట విని సెట్టు కొనకూడదు. ఆ పాటను పెద్ద స్టూడియోలో ముందే చక్కగా చేసి పెట్టారు. అది ఏ పెట్టెలోనైనా బాగానే ఉంటుంది. మన గొంతు, మన డోలక్ ఎలా ఉంటాయో వినాలి.

ముందు మైకులు చూశారు. తీగ మైకుల్లో రెండు రకాలు ఉన్నాయి. డైనమిక్ మైకు ఒకటి. అందులో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. బ్యాటరీ అక్కరలేదు. కింద పడినా అంత త్వరగా చెడదు. కండెన్సర్ మైకు ఇంకొకటి. అది సన్నని శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. కానీ దానికి బ్యాటరీ గానీ, మిక్సర్ నుంచి కరెంటు గానీ కావాలి. తిరునాళ్ళ దుమ్ములో, సందడిలో వాడడానికి డైనమిక్ మైకే మేలు. ఎదురుగా పాడే గొంతును బాగా తీసుకుని, వెనక శబ్దాన్ని తక్కువ తీసుకునే రకం అడగాలి.

వైరు లేని మైకు సొగసుగా ఉంటుంది. చేత పట్టుకుని తిరగవచ్చు. కానీ ప్రతి ఆటకూ సెల్లులు కావాలి. పాట మధ్యలో సెల్లు అయిపోతే గొంతు ఆగిపోతుంది. పక్కన ఇంకో బృందం అలాంటి మైకే వాడితే రెండూ ఒకదానిలో ఒకటి చొరబడతాయి. అదే ధరలో తీగ మైకు కొంటే ఇంకా మంచిది వస్తుంది. కోలాటంలో పాడే ఆమె ఒక చోటే నిలబడుతుంది. ఆమెకు తీగ అడ్డం కాదు.

మైకును పరీక్షించడానికి వేలితో టకటక కొట్టకూడదు. "ఫూ ఫూ" అని ఊదకూడదు. అలా చేస్తే లోపలి పలచని పొర దెబ్బ తింటుంది. మామూలుగా మాట్లాడాలి. పాడే ఆమె ఒక పాట పాడింది. లెక్కలు రాసే ఆమె కొట్టు బయట, రోడ్డు అవతల, వీపు తిప్పి నిలబడింది. పాడే ఆమె మొహం కనిపిస్తే పెదవులు చూసి మాట తెలిసిపోతుంది. వీపు తిప్పి వింటేనే మాట తేటగా ఉందో లేదో తెలుస్తుంది. అక్కడ టీ కొట్టు దగ్గర ఉన్న ఒకామెను అడిగింది: "ఆ పాటలో ఏం చెబుతున్నారమ్మా?" ఆమె రెండు చరణాలు సరిగ్గా చెప్పింది. ఎకో సగం దాకా పెంచి మళ్ళీ అడిగితే ఆమెకు ఒక్క చరణమే తెలిసింది.

తరువాత పాట ఆపి, మైకులు ఆపి, వాల్యూమ్ మాత్రం పెంచారు. "గుయ్" అని సన్నగా ఒక మోత వచ్చింది. కొంచెం రావడం మామూలే. మాటకు అడ్డం వచ్చేంత వస్తే ఆ పెట్టె వద్దు. నాబులు అటూ ఇటూ తిప్పారు. గరగర లేదు. గంటసేపు నడిపించారు. పెట్టె మీద చెయ్యి పెట్టి చూశారు. వెచ్చగా ఉంది. చెయ్యి పెట్టలేనంత వేడి లేదు.

పాత సామాను కొనేవాళ్ళు స్పీకర్ జాలీ విప్పించి చూడాలి. కాగితం గరాటు లాంటిది ఉంటుంది. రెండు చేతుల వేళ్ళతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. మెత్తగా పోయి రావాలి. బరబర రాసుకుంటే లోపలి చుట్ట చెడిందని గుర్తు. చిరుగులు ఉంటే తీసుకోవద్దు.

చివరికి నోటు పుస్తకంలో ఇలా రాశారు:

ఎకో ఉన్న మిక్సర్ యాంప్లిఫయర్, ప్రతి మైకుకూ వేరే ఎకో నాబు: 11,500
స్పీకర్ బాక్సులు రెండు: 9,600
తీగ మైకులు మూడు, ఒక్కోటి 1,400: 4,200
మైకు స్టాండ్లు మూడు, ఒక్కోటి 650: 1,950
స్పీకర్ స్టాండ్లు రెండు: 2,400
వైర్లు, పిన్నులు: 1,850
మొత్తం: 31,500

ఈ ధరలు ఆ కొట్టువి. ఊరు మారితే మారతాయి. స్టాండ్లకు అంత డబ్బు ఎందుకని ముందు అనుకున్నారు. కానీ స్పీకర్ నేల మీద ఉంటే ముందు వరుస వాళ్ళ ఒళ్ళే శబ్దాన్ని మింగేస్తుంది. వెనక వాళ్ళకు అందదు. మనుషుల తలల కంటే ఎత్తున పెడితే తక్కువ వాల్యూమ్‌తోనే చివరి వాళ్ళకు వినబడుతుంది.

ఇంకో రెండు సంగతులు కూడా అడిగారు. యాంప్లిఫయర్ 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుందా అని ఒకటి. నడుస్తుందన్నాడు. కరెంటు పోయే ఊళ్ళకు అది అవసరం. స్పీకర్ల వెనక ఓమ్ అని అంకె ఉంటుంది, యాంప్లిఫయర్ వెనక కూడా ఉంటుంది. రెండు స్పీకర్లు తగిలిస్తే ఆ అంకెలు కుదురుతాయా అని ఇంకొకటి. కుదరకపోతే యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. కుదురుతుందని కొట్టాయనే బిల్లు మీద రాసి సంతకం పెట్టాడు. నోటి మాటకు సాక్ష్యం ఉండదు కదా.

బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తానన్నాడు. వీళ్ళు ఒప్పుకోలేదు. బిల్లు, ముద్ర వేసిన గ్యారంటీ కార్డు రెండూ తీసుకున్నారు. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే బిల్లే ఆధారం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఆ నంబరు పుస్తకం అట్ట మీద రాసుకున్నారు.

తెలుగు చీటీలు

యంత్రం ఇంటికి వచ్చింది. దాని మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. బృందంలో ఇంగ్లీషు చదివేవాళ్ళు ఎవరూ లేరు. తెల్ల ప్లాస్టరు ముక్కలు కత్తిరించారు. వాటి మీద తెలుగులో రాసి అంటించారు. ఒకటో మైకు దగ్గర "పాట". రెండో దాని దగ్గర "డోలక్". మూడో దాని దగ్గర "పల్లవి". నాబుల పక్కన "శబ్దం", "ఎకో", "బరువు", "సన్నం". బరువు అంటే బాస్, సన్నం అంటే ట్రెబుల్. నాబు ఎంత వరకు తిప్పాలో అక్కడ గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టారు. ఇప్పుడు ఆ చీటీలు చదవగలిగిన ఎవరైనా సెట్టు నడపగలరు. మైకు కుర్రాడి కోసం ఎదురు చూడక్కరలేదు.

ఎకో ఎంత పెట్టాలి? ముందు పూర్తిగా తగ్గించాలి. పాట పాడుతూ ఉండగా మెల్లగా పెంచాలి. ఎకో వినిపించిందనగానే ఆగాలి. అక్కడి నుంచి కాస్త వెనక్కి తిప్పాలి. కూరలో ఉప్పులాగా అన్నమాట. ఉందని తెలియకూడదు, లేకపోతే తెలియాలి. మెల్లగా సాగే పాటకు కొంచెం ఎక్కువ ఉన్నా బాగుంటుంది. వేగంగా నడిచే పాటకు తగ్గించాలి. వేగం పాటలో ఒక మాట ఎకో పూర్తయ్యేలోపే ఇంకో మాట వచ్చి పడుతుంది. పేర్లు చదివేటప్పుడు, కథ చెప్పేటప్పుడు ఎకో పూర్తిగా తీసెయ్యాలి. గుడి మండపం లోపల పాడితే అసలు ఎకో వద్దు. అక్కడ గోడలే ఇస్తాయి.

మొదటి సాధనలో "కుయ్" మని పెద్ద కూత వచ్చింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. స్పీకర్ శబ్దం మళ్ళీ మైకులోకి పోతే ఇలా అవుతుంది. మైకు నుంచి స్పీకర్‌కు, స్పీకర్ నుంచి మైకుకు శబ్దం గుండ్రంగా తిరుగుతూ పెరుగుతుంది. స్పీకర్లను మైకుల కంటే ముందుకు జరిపి, జనం వైపు తిప్పారు. కూత ఆగింది. ఎకో ఎక్కువైనా కూత త్వరగా వస్తుంది. మైకు తల చుట్టూ చెయ్యి మూసి పట్టుకున్నా వస్తుంది. మైకును తల కింద, కర్ర దగ్గర పట్టుకోవాలి.

ఇంకో సంగతి ఊరేగింపులో తెలిసింది. స్పీకర్లు ముందు ట్రాక్టరు మీద ఉన్నాయి. ఆడేవాళ్ళు వెనకాల వస్తున్నారు. స్పీకర్ 34 మీటర్ల దూరంలో ఉంటే దాని శబ్దం సెకనులో పదో వంతు ఆలస్యంగా వస్తుంది. పక్కన ఉన్న డోలక్ ఒకటి చెబితే దూరపు స్పీకర్ ఇంకొకటి చెబుతుంది. అప్పటి నుంచి ఆడేవాళ్ళు డోలక్‌నే వింటున్నారు. స్పీకర్ జనం కోసం.

కరెంటు, చట్టం

మైకు లోహంతో చేసిన వస్తువు. పెదవికి దగ్గరగా ఉంటుంది. పాడుతుంటే పెదవికి జిల్లుమంటే వెంటనే మైకు వదిలి సెట్టు ఆపించాలి. ఎర్తు సరిగా లేదని గుర్తు. మూడు పుల్లల ప్లగ్గులో లావు పుల్ల ఎర్తు కోసమే. ప్లగ్గు పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టి పెట్టేవాళ్ళు ఉన్నారు. అది ప్రాణంతో చెలగాటం. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి మైకు పట్టకూడదు. వాన చినుకు పడితే ముందు ప్లగ్గు తీయించాలి, తరువాతే పెట్టె మీద పట్టా కప్పాలి.

2000లో కేంద్ర ప్రభుత్వం శబ్ద కాలుష్యంపై నియమాలు చేసింది. వాటి ప్రకారం మైకు పెట్టాలంటే అధికారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బయట మైకు వాడకూడదు. కొన్ని పండుగలకు, ఏడాదిలో 15 రోజులకు మించకుండా, రాత్రి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల లోపు ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించిన చోట నిశ్శబ్దంగా ఉంచాలి. ఆట పిలవడానికి వచ్చినవాళ్ళను బృందం ముందే అడుగుతుంది: "అనుమతి కాగితం తెచ్చారా?" కాగితం లేకపోతే సెట్టు పోలీసు స్టేషనుకు పోవచ్చు. పోతే నష్టం పిలిచినవాళ్ళది కాదు, 14 మందిది.

సెట్టు దాచడం

సెట్టు పాడే ఆమె ఇంట్లో అటక మీద ఉంటుంది. వైర్లను మోచేతికి బిగించి చుట్టరు. అలా చుడితే లోపలి రాగి పోగులు తెగుతాయి. వదులుగా, పెద్ద చుట్టలుగా చుట్టి మేకుకు తగిలిస్తారు. నేల మీద ఉంటే ఎలుకలు కొరుకుతాయి. మైకు జాలీని నెలకోసారి విప్పి సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరాక మళ్ళీ బిగిస్తారు. జాలీ కింద ఉన్న భాగానికి నీళ్ళు తగలనివ్వరు.

పెళ్ళిళ్ళకు అడిగేవాళ్ళు వచ్చారు. "ఇస్తే అద్దె వస్తుంది కదా అత్తా" అని కొందరు, "పాడు చేస్తారే" అని కొందరు. రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి బృందంలో ఒకరు వెంట వెళ్ళేట్లయితేనే ఇవ్వాలనీ, అద్దె 1,000 అనీ, అందులో 300 వెంట వెళ్ళిన ఆమెకనీ, 700 బృందం ఖాతాకనీ రాసుకున్నారు. 14 మందీ సంతకాలు పెట్టారు. అందులో వేలిముద్రలు రెండే. ఆ రెండూ కూడా వచ్చే దసరాకు సంతకాలు అవుతాయని లెక్కలు రాసే ఆమె అంటోంది.

లెక్క చేయండి

1. బృందం దగ్గర 34,000 ఉంది. సెట్టుకు 31,500 అయింది. ఎంత మిగిలింది?

2. ఇంతకు ముందు ఒక ఆటకు మైకు అద్దె 2,500. ఎన్ని ఆటలు ఆడితే సెట్టు ఖర్చు తిరిగి వస్తుంది? నిండా రావడానికి ఆఖరి ఆట ఎన్నోది?

3. మీ ఇంట్లో కరెంటుతో నడిచే వస్తువు ఒకటి తీసుకోండి. దాని వెనక రేకు మీద వాట్లు ఎన్ని ఉన్నాయో చదివి ఇక్కడ రాయండి.